వృత్తి: కూలి – ఒక బొగ్గు గని డ్రిల్లర్ కేసు

ఓపీ చీటీలో వృత్తి అన్న గడిలో నేను రాసిన మాట 'కూలి'. వయసు 52, దగ్గు ఏడేళ్లుగా, ఆయాసం రెండేళ్లుగా, బరువు ఏడాదిలో 9 కిలోలు తగ్గింది. మిగతావన్నీ వివరంగా అడిగి రాసి, ఆ ఒక్క గడిని మాత్రం ఒక్క మాటతో నింపి వదిలేశాను. ఈ కేసులో జరిగిన ఆలస్యంలో నా వంతు అక్కడ మొదలైంది కాబట్టి అక్కడినుంచే చెబుతాను. రోగి భార్య అనుమతితో రాస్తున్నాను. ఆయనను గుర్తుపట్టే వీలున్న వివరాలు తీసేశాను.

నా దగ్గరికి వచ్చేనాటికి ఆయన రెండుసార్లు క్షయ మందులు వాడారు. మొదటిసారి ఆరు నెలలు, రెండోసారి ఎనిమిది నెలలు. రెండుసార్లూ కఫంలో క్షయ క్రిమి కనిపించలేదు. ఎక్స్‌రేలో మాత్రం రెండు ఊపిరితిత్తుల పైభాగాల్లోనూ మచ్చలున్నాయి. పైభాగంలో మచ్చ కనిపిస్తే క్షయ అనుకోవడం మా వైద్యుల్లో పాతుకుపోయిన అలవాటు. ఆ తర్వాత మరోచోట ఆస్తమా అని చెప్పి పీల్చే మందు ఇచ్చారు. నేనూ మొదటి రోజు చేసింది అంతకంటే గొప్పదేమీ కాదు. కఫాన్ని ఇంకోసారి పరీక్షకు పంపి, పీల్చే మందు మార్చి ఇంటికి పంపించాను.

పదకొండు రోజుల తర్వాత ఆయన కాగితంలో చుట్టిన గాజు సీసాతో వచ్చారు. తెల్లవారుజామున దగ్గు తెర వచ్చిందట. సీసాలో అరకప్పు దాకా నల్లటి ద్రవం ఉంది. సిరాలా పలచగా ఉంది, అడుగున మసి పేరుకుంది.

"డాక్టర్ గారూ, ఇది నా లోపలినుంచే వచ్చిందా?" అని అడిగారు. "నేను గని మానేసి మూడేళ్లయింది కదా."

గని అన్న మాట మా మధ్య రావడం అదే మొదటిసారి.

యాభై నిమిషాలు

ఆ రోజు ఓపీ ముగిసాక ఆయనను కూర్చోబెట్టి పని చరిత్ర మొత్తం అడిగాను. యాభై నిమిషాలు పట్టింది. అప్పటిదాకా చేసిన పరీక్షలన్నీ కలిపి చెప్పనిది ఆ యాభై నిమిషాలు చెప్పాయి.

24వ ఏట కాంట్రాక్టరు మనిషిగా భూగర్భ గనిలో దిగారు. రెండేళ్లు బొగ్గు ఎత్తిపోశారు. తర్వాత 13 ఏళ్లు కప్పు బోల్టులు వేసే డ్రిల్లర్. బొగ్గు తీసిన చోట పైన నిలిచిన రాతి కప్పు కూలకుండా, అందులోకి ఒకటిన్నర మీటర్ల లోతున రంధ్రాలు వేసి ఉక్కు బోల్టులు బిగిస్తారు. రంధ్రం పైకి వేయాలి, మనిషి కింద నిలబడాలి. రాలే పొడి తిన్నగా ముఖం మీద పడుతుంది. డ్రిల్లు లోపలినుంచి నీళ్లు వెళ్లేలా గొట్టం ఉంటుంది. ఆ నీళ్లు వదిలితే పొడి చాలావరకు బురదై కిందకు కారిపోతుంది. కానీ పైకి డ్రిల్లు చేసేవాడి ఒళ్లంతా తడుస్తుంది, పని నెమ్మదిస్తుంది. కూలీ బోల్టుల లెక్కన. "నీళ్లు పెట్టిన రోజు నాలుగు బోల్టులు తక్కువయ్యేవి సార్" అన్నారాయన. ఆ ఒక్క వాక్యంలో ఈ జబ్బుకు కారణం మొత్తం ఉంది. గనిలో నీళ్లు లేక కాదు, నీళ్లు వాడినందుకు కూలీ తగ్గుతుంది గనుక ఆయన ఊపిరితిత్తులు పాడయ్యాయి.

భూగర్భ గని మూతపడ్డాక అదే పొరను పైనుంచి తవ్వడం మొదలుపెట్టారు. ఆ ఓపెన్‌కాస్ట్ గనిలో పదేళ్లు పేలుడు మందు కూరే రంధ్రాలు వేసే యంత్రం నడిపారు. యంత్రానికి క్యాబిన్ ఉంది, ఏసీ చెడిపోయింది, ఎండకు తట్టుకోలేక తలుపు తెరిచే ఉంచేవారు. మూతికి కట్టుకున్నది తువ్వాలు. 25 ఏళ్లలో నలుగురు కాంట్రాక్టర్లు మారారు. రెండుసార్లు ఛాతీ ఎక్స్‌రే తీసినట్టు గుర్తుంది గానీ ఫలితం ఏమిటో ఎవరూ చెప్పలేదు.

ఇక్కడ ఒక విషయం స్పష్టం చేయాలి. ఆయన ఊపిరితిత్తుల్లో చేరింది బొగ్గు ఒక్కటే కాదు. బొగ్గులో స్ఫటికరూప సిలికా, అంటే ఇసుకలో ఉండే గట్టి ఖనిజం, తక్కువ. బొగ్గు పొరకు పైనా కిందా ఉండే ఇసుకరాయిలో అది ఎక్కువ. ఆయన 25 ఏళ్లలో 23 ఏళ్లు తొలిచింది రాతినే. గని పని అనగానే బొగ్గు తవ్వేవాడే మన కళ్ల ముందు మెదులుతాడు. బొగ్గును చేరడానికి రాయిని పగలగొట్టేవాడు గుర్తుకు రాడు. ఈ కేసులో నేను నేర్చుకున్నది చాలావరకు ఆ రాయి గురించే.

సుమారు 4 మైక్రాన్లకు (మైక్రాను అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) లోపు కణాలు శ్వాసనాళాల వడపోతలను దాటి గాలి తిత్తుల దాకా వెళ్తాయి. అక్కడ కాపలా కణాలు వాటిని మింగుతాయి. బొగ్గు కణాన్ని మింగిన కణం దాన్ని మోస్తూ చాలాకాలం బతకగలదు. సిలికాను మింగింది త్వరగా చచ్చిపోతుంది. చచ్చి, మింగినదాన్ని బయటికి వదులుతుంది, దాన్ని మరో కణం మింగుతుంది. ఈ చక్రం తిరిగిన ప్రతిసారీ కొంత మచ్చకణజాలం మిగులుతుంది. ధూళి ఆగిపోయినా చక్రం ఆగదు. గని మానేసిన మూడేళ్లకు కూడా జబ్బు ముదరడానికి కారణం అదే.

పరీక్షలు

విశ్రాంతిగా ఉన్నప్పుడు రక్తంలో ఆక్సిజన్ 90 శాతం. ఆరు నిమిషాల నడకలో 260 మీటర్లు నడిచేసరికి 81కి పడింది. గొట్టంలోకి ఊదించి చూసే స్పైరోమెట్రీ పరీక్షలో మొదటి సెకనులో వదిలిన గాలి, ఉండాల్సినదానిలో 44 శాతం. మొత్తం గాలి 61 శాతం. నాళాలు ఇరుకవడమూ, ఊపిరితిత్తి బిగుసుకుపోవడమూ రెండూ ఉన్నాయన్నమాట.

ఎక్స్‌రేను అంతర్జాతీయ కార్మిక సంస్థ ప్రామాణిక ఫిల్ముల పక్కన పెట్టి చదివాను. చిన్న మచ్చలు ఎక్కువగా 3 నుంచి 10 మిల్లీమీటర్ల రకం. సిలికా పాలు ఎక్కువున్నప్పుడు కనిపించే తీరు అది. సెంటీమీటరు దాటిన మచ్చ ఒక్కటి ఉన్నా జబ్బు ముదిరిన దశకు చేరినట్టే. ఈయనకు కుడివైపు నాలుగున్నర, ఎడమవైపు మూడు సెంటీమీటర్ల గడ్డలున్నాయి. కుడి గడ్డ మధ్యలో గుల్ల పడింది. రక్తం సరిగా అందక గడ్డ లోపలి భాగం కరిగి, పక్కనున్న శ్వాసనాళంలోకి తెరుచుకుంది. ఆ నల్లటి ద్రవం అక్కడిది. సూక్ష్మదర్శినిలో చూస్తే నల్ల రేణువులతో నిండిన కాపలా కణాలే కనిపించాయి, క్యాన్సర్ కణాలు లేవు.

క్షయ లేదని తేల్చడం మాత్రం తొందరగా చేయకూడని పని. సిలికా చేరిన ఊపిరితిత్తికి క్షయ ముప్పు చాలా రెట్లు ఎక్కువ. రెండూ కలిసి ఉండటం మామూలే. కఫంలో క్షయ క్రిమి కోసం జన్యు పరీక్ష రెండుసార్లు చేశాం, క్రిమి పెరుగుతుందేమోనని ఆరు వారాలు కల్చర్ పెట్టి చూశాం. ఏదీ పెరగలేదు. అప్పుడే న్యుమోకోనియోసిస్, ముదిరిన దశ అని రాశాను. ధూళి చేరి ఊపిరితిత్తులు మచ్చకట్టే జబ్బు అది. బొగ్గు గనుల్లో దాన్నే నల్ల ఊపిరితిత్తుల జబ్బు అంటారు.

తర్వాత ఆయన ఇంట్లో వెతికి పాత ఎక్స్‌రే తెచ్చారు. మొదటి క్షయ చికిత్స నాటిది, ఆరేళ్ల కిందటిది. కుడి పైభాగంలో గడ్డ అప్పటికే ఉంది, సుమారు ఒకటిన్నర సెంటీమీటర్లు. చుట్టూ గుండ్రటి చిన్న మచ్చలు. ఆ రోజు ఎవరైనా ఏం పని చేస్తారని అడిగి ఉంటే, ఆయన ఇంకో మూడేళ్లు ఆ యంత్రం మీద కూర్చునేవారు కాదు. జబ్బు అప్పుడే ఆగిపోయేదని చెప్పను. కానీ మూడేళ్ల ధూళి తక్కువ పీల్చేవారు. ఆ ఫిల్మును లైట్‌బాక్స్ మీద పెట్టి చాలాసేపు చూశాను. చదివిన వైద్యుడిని తప్పుపట్టే అర్హత నాకు లేదు. మొదటి రోజు నేనూ అదే చేశాను.

ఇంటి వెనక గుట్ట

నెల తర్వాత ఇంట్లో ఆక్సిజన్ యంత్రం అమర్చడానికి నర్సుతో పాటు నేనూ వెళ్లాను. పెరటి గోడకు రెండు వందల మీటర్ల అవతల గుట్ట ఉంది. ఊళ్లో దాన్ని మట్టి గుట్ట అంటారు గానీ అందులో ఉన్నది ఎక్కువగా రాయి. ఓపెన్‌కాస్ట్‌లో బొగ్గు మీద ఉన్నదంతా పేల్చి, ఎత్తి, పక్కన పోస్తారు. చాలాచోట్ల ఒక టన్ను బొగ్గుకు అంతకు ఎన్నో రెట్ల రాయి కదులుతుంది. ఈ రాయిని కూడా కొలుస్తారు, ఎత్తిపోసిన కాంట్రాక్టరుకు బిల్లు చెల్లించడానికి. అక్కడితో దాని లెక్క ముగుస్తుంది. ఆయన పదేళ్లు రంధ్రాలు వేసి పేల్చడానికి సిద్ధం చేసిన రాయే ఇప్పుడు ఆయన ఇంటి వెనక ఉంది. గాలి వీచినప్పుడు దాని పొడి కిటికీ చువ్వల మీద తెల్లగా పేరుకుంటుంది.

గుట్ట కాలి దగ్గర కాలువ ఉంది. నీళ్లు నారింజ రంగులో, రాళ్ల మీద అదే రంగు పూత. నేను భూగర్భ శాస్త్రవేత్తను కాను, కానీ దీని రసాయనం కష్టమైనది కాదు. బొగ్గు పొరలోనూ దాని చుట్టుపక్కల రాళ్లలోనూ పైరైట్ ఉంటుంది, ఇనుము, గంధకం కలిసిన ఖనిజం. భూమి లోపల గాలి తగలనంతకాలం అది అలాగే పడి ఉంటుంది. పగలగొట్టి వానలో, గాలిలో పోస్తే ఆక్సిజన్‌తో, నీటితో కలిసి సల్ఫ్యూరిక్ ఆమ్లం అవుతుంది. ఇనుము కరిగి ప్రవహించి, ఆమ్లం పలచబడిన చోట నారింజ రంగు బురదగా పేరుకుంటుంది. ఆ ఆమ్లం రాళ్లలోని ఇతర లోహాలనూ కరిగించుకుంటూ పోతుంది. గని మూసినా ఇది ఆగదు. పైరైట్ అయిపోయేదాకా సాగుతుంది, దానికి దశాబ్దాలు, కొన్నిచోట్ల శతాబ్దాలు పట్టవచ్చు. ఆయన ఊపిరితిత్తిలో జరిగిందీ ఆ కాలువలో జరిగిందీ ఒకే తీరు. తవ్వకం ఆగిపోయాక కూడా రాయి తన పని తాను చేసుకుపోతూనే ఉంటుంది.

బావి సంగతి వేరు. గనిలో నీరు నిలవకుండా రాత్రింబవళ్లు తోడుతారు. తోడేకొద్దీ చుట్టూ భూగర్భ నీటిమట్టం గరాటులా గని వైపు కుంగుతుంది. ఆయన బావి ఎండి ఐదేళ్లయింది. ఇప్పుడు ఆయన భార్య కుళాయి నుంచి నీళ్లు మోసుకొస్తారు. ఆయాసంతో ఉన్న మనిషి ఉన్న ఇంట్లో దీనికి వైద్యపరమైన అర్థం ఉంది. తడి గుడ్డతో ఇల్లు తుడవండి, పొడి చీపురు వాడకండి అని నేను సలహా రాసి ఇచ్చాను. ఆ నీళ్లు ఎంత దూరం నుంచి వస్తున్నాయో చూశాక ఆ సలహా విలువ నాకు తెలిసింది.

ఆ గుట్ట పక్కన నిలబడినప్పుడు అబెర్‌ఫాన్ గుర్తుకు వచ్చింది. 1966 అక్టోబరు 21న వేల్స్‌లోని ఆ గ్రామం మీదికి గని వ్యర్థాల గుట్ట జారిపడింది. 144 మంది చనిపోయారు, వారిలో 116 మంది పిల్లలు, ఎక్కువమంది బడిలోనే. గుట్టను నీటి ఊట మీద పోశారు, గ్రామస్థులు ముందే హెచ్చరించారు. తర్వాత మరణ విచారణలో తన బిడ్డ మరణానికి కారణం ఊపిరాడకపోవడం, గాయాలు అని చదివినప్పుడు ఒక తండ్రి లేచి, అలా కాదు, ఆ గనిని నడిపే జాతీయ బొగ్గు బోర్డు సజీవంగా పూడ్చిపెట్టిందని రికార్డులో రాయమన్నాడు. మరణ ధ్రువీకరణ పత్రాలు నింపే వాళ్లందరూ తెలుసుకోవాల్సిన మాట అది.

భార్య

ఆమెకు 48 ఏళ్లు. పాతికేళ్లు ఆయన పని బట్టలు దులిపి ఉతికారు. దగ్గు ఉంది. స్పైరోమెట్రీలో కొద్దిపాటి తగ్గుదల, ఎక్స్‌రేలో ఏమీ లేదు. వంట పొగ కూడా చాలాకాలం పీల్చారు. ఇది గని ధూళి వల్లేనని నేను రాయలేదు, రాయడానికి ఆధారం లేదు. కానీ కాదని కూడా రాయలేదు. ఏడాదికోసారి పరీక్షకు రమ్మన్నాను. ఆమె పేరు ఏ గని రిజిస్టరులోనూ ఉండదు, కాబట్టి ఆమెను పరీక్షించాల్సిన బాధ్యత కూడా ఎవరి మీదా లేదు.

కనబడని లెక్క

గనిలో పేలుడు జరిగితే మృతుల సంఖ్య కొద్ది రోజుల్లోనే తెలుస్తుంది. 2010 ఏప్రిల్ 5న అమెరికాలోని వెస్ట్ వర్జీనియాలో అప్పర్ బిగ్ బ్రాంచ్ గని పేలి 29 మంది చనిపోయారు. పరీక్షకు సరిపడా ఊపిరితిత్తి కణజాలం దొరికిన 24 మందిలో 17 మందికి న్యుమోకోనియోసిస్ ఉంది. వారిలో పదేళ్లు కూడా గనిలో పనిచేయని వాళ్లున్నారు. ఆ 17 జబ్బులను బయటపెట్టింది పేలుడు. అది జరగకపోతే వాళ్లు ఒక్కొక్కరుగా, వేర్వేరు ఆసుపత్రుల్లో, వేర్వేరు పేర్లతో చనిపోయేవారు.

జబ్బు పోయిందని నమ్మడం ఎంత ప్రమాదమో ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్ చూపించింది. దాదాపు మూడు దశాబ్దాలు అక్కడ నల్ల ఊపిరితిత్తుల జబ్బు లేదనుకున్నారు. 2015లో కేసులు బయటపడ్డాయి. మరుసటి ఏడాది జరిగిన సమీక్షలో, కార్మికుల ఎక్స్‌రేలు తీస్తున్నా వాటిని సరిగా చదవడం లేదని తేలింది. అమెరికాలో 1969 చట్టం గని గాలిలో ధూళికి పరిమితి పెట్టాక జబ్బు దశాబ్దాలపాటు తగ్గింది, తర్వాత మళ్లీ పెరిగింది. 2013 నుంచి 2017 మొదటిదాకా వర్జీనియాలోని మూడు క్లినిక్‌లలోనే ముదిరిన దశ కేసులు 416 దొరికాయి. మంచి పొరలు అయిపోయి సన్నని పొరలు మిగలడంతో బొగ్గుతో పాటు రాయినీ కోయాల్సి రావడం దీనికి ఒక ముఖ్య కారణం. సిలికా పరిమితిని ఘనపు మీటరుకు 50 మైక్రోగ్రాములకు తగ్గిస్తూ అక్కడ 2024లో నియమం తెచ్చారు. బొగ్గు గనుల్లో 2025 ఏప్రిల్‌లో మొదలుకావాల్సిన అమలు వాయిదా పడింది.

బొగ్గు గనుల నుంచి గాలిలో కలిసే, భూమిని వేడెక్కించే మీథేన్ వాయువు ఏడాదికి సుమారు 4 కోట్ల టన్నులని అంతర్జాతీయ ఇంధన సంస్థ అంచనా. నా రంగం కాదు కాబట్టి దాన్ని ఇక్కడ వదిలేస్తున్నాను. కానీ అది కూడా తూకానికి ఎక్కని ఖర్చే.

చికిత్స, పత్రాలు

ఈ జబ్బును వెనక్కి తిప్పే మందు లేదు. ఆక్సిజన్, నాళాలను వెడల్పు చేసే మందులు, ఫ్లూ, న్యుమోనియా టీకాలు, శ్వాస వ్యాయామాలు. వీటిలో ఆయనకు ఎక్కువ ఉపయోగపడింది వ్యాయామాలే. ఆరు నిమిషాల నడక మూడు నెలల్లో 260 నుంచి 310 మీటర్లకు పెరిగింది. "బడి దాకా వెళ్లి మనవరాలిని తీసుకొచ్చాను" అని ఆ వారం చెప్పారు. ఊపిరితిత్తి మార్పిడికి పంపాను. బరువు చాలా తక్కువని ఒప్పుకోలేదు.

పరిహారం కోసం నేను రాసిన ధ్రువపత్రాన్ని వైద్య మండలి తప్పుపట్టలేదు. అడిగింది ఉద్యోగ రుజువు. నలుగురు కాంట్రాక్టర్లలో ఇద్దరి ఆచూకీ లేదు, మూడోవారు ఆ పేరు తమ దగ్గర లేదన్నారు. చివరికి పనికొచ్చినవి రెండు హాజరు కార్డులు, తలదీపంతో తోటివారి మధ్య నిలబడి దిగిన పాత ఫొటో, ఇద్దరు సహచరుల వాంగ్మూలాలు. వైద్యం వైపు నుంచి నేను చేయగలిగింది ఒకటే. ఏ ఏడాది, ఏ పని, ఎన్ని గంటలు, నీళ్లతోనా పొడిగానా అన్న పట్టికను కేసు పత్రాల్లో చేర్చడం. ఇప్పుడు ప్రతి రోగికీ అదే చేస్తున్నాను. నా అనుభవంలో అది సీటీ స్కాన్ కంటే ఎక్కువగా పనికొచ్చింది.

పంతొమ్మిదో నెలలో న్యుమోనియాతో చేరి, ఆరో రోజు చనిపోయారు. రాత్రి డ్యూటీలో ఉన్న యువ వైద్యుడు మరణ పత్రంలో మొదటి వరుసలో శ్వాస వైఫల్యం, రెండో వరుసలో న్యుమోనియా రాసి, కింది వరుస ఖాళీగా ఉంచాడు. మూలకారణం రాయాల్సింది ఆ కింది వరుసలోనే. గణాంకాలకు వెళ్లేదీ అదే. పొద్దున్నే నేను అందులో 'బొగ్గు, సిలికా ధూళి వల్ల న్యుమోకోనియోసిస్. గని పని 25 ఏళ్లు' అని రాసి సంతకం చేశాను. పరిహారం మంజూరైన ఉత్తరం నాలుగు నెలల తర్వాత ఆమె పేర వచ్చింది.

పని చరిత్ర అడిగిన ఆ యాభై నిమిషాల్లోనే ఆయన తనతో డ్రిల్లు పట్టిన ఏడుగురి పేర్లు చెప్పారు. కబురు పంపితే నలుగురు వచ్చారు. ముగ్గురి ఎక్స్‌రేలలో మచ్చలున్నాయి. వారిలో చిన్నవాడికి 38 ఏళ్లు, ఇంకా డ్రిల్లు మీదే ఉన్నాడు, ఇద్దరు పిల్లలు. ఫిల్ము చూపించి మచ్చలు ఎక్కడున్నాయో, పని మారడం ఎందుకు అవసరమో చెప్పాను. శ్రద్ధగా విన్నాడు. చీటీ రాస్తుంటే చెయ్యి అడ్డం పెట్టాడు.

"సార్, అక్కడ కూలి అనే రాయండి. గని అని ఉంటే రేపటినుంచి పనికి రావద్దంటారు."

ఆసుపత్రి రికార్డులో గని డ్రిల్లర్ అని రాశాను. అతని చేతికిచ్చే చీటీలో ఆ గడిని ఖాళీగా వదిలాను. మూడు నెలల తర్వాత రమ్మన్న తేదీ దాటి రెండు వారాలైంది, ఇంకా రాలేదు.